పోయిన మరమేకు, మిగిలిన పట్టిక: 'బి.ఏ.' మరల గుణదోష విచారణ

పాత కళాశాలలలోను ఉన్నత పాఠశాలలలోను ప్రయోగశాల బీరువా అడుగు అరలో 'పనికిరావు' అని పెట్టిన పరికరములను ఒకమారు బయటికి తీసి చూచినచో, వాటిలో కొన్నింటికి పెద్ద జబ్బేమియు లేదని తెలియును. తీగచుట్ట తెగలేదు, అయస్కాంతము బలము తగ్గలేదు, సూచి వంగలేదు. ఎక్కడనో ఒక చిన్న ఇత్తడి మరమేకు ఊడి పోయినది. దాని స్థానములో బజారునుండి తెచ్చిన మరొక మరమేకును ఎవరో బలవంతముగా ఎక్కించబోయినారు. రంధ్రములోని మర అరిగి నునుపైనది. అంతటితో వందలు, వేలు వెలగల పరికరము మూలపడినది.

ఇందుకు దుకాణదారుని నిందించుట పరిపాటి. దుకాణదారుని తప్పు లేదు. అతడు నేడు చెల్లుబడిలో ఉన్న కొలతల సరకు అమ్ముచున్నాడు. పరికరము బ్రిటిషు తయారీదై, కొంత పాతదైనచో, అందలి చిన్న మరమేకులు చాలవరకు 'బి.ఏ.' మరలు అయి ఉండును. ఈ బి.ఏ. విశ్వవిద్యాలయము వారిచ్చు పట్టా కాదు. బ్రిటిష్ అసోసియేషన్ అను విజ్ఞాన సంఘము పేరులోని మొదటి అక్షరములివి. ఆ సంఘము 1884లో సిఫారసు చేసిన చిన్న మరల పట్టిక దాదాపు ఎనుబది సంవత్సరములు గడియారములను, తంతి యంత్రములను, విద్యుత్ పరికరములను ఏలినది. ఇంటిలో చిన్న కార్ఖానా పెట్టుకొని పరికరములు బాగుచేయువానికి, పాఠశాలలో ఆ పని నెత్తిన వేసుకొన్న సైన్సు ఉపాధ్యాయునికి, ఈ పట్టిక నేటికిని తప్పించుకొనరానిది. కావుననే దానిని ఒక గ్రంథమును విమర్శించినట్లు విమర్శించుట తగును.

పట్టిక పుట్టుటకు ముందు స్థితి ఎట్లుండెనో ఊహించుటకు తెలుగువారికి దిద్దుల సీల చాలును. కంసాలి చెవి దిద్దునకు సన్నని సీల చేసి, దానిమీద మర కోసి, ఆ మరకు సరిపోవు బిళ్ల చేయును. పని అందముగానే ఉండును. కాని ఒక కంసాలి చేసిన బిళ్ల మరొక కంసాలి చేసిన సీలకు ఎక్కునన్న హామీ లేదు. ఐరోపాలోని గడియారపు పనివాండ్రును, పరికరములు చేయువారును ఇదే తీరున బెజ్జముల పలకలతో మరలు కోసుకొనెడివారు. ఎవరి పలక వారిది, ఎవరి మర వారిది.

పెద్ద యంత్రముల విషయములో ఈ అరాచకమును తొలగించినవాడు జోసెఫ్ విట్‌వర్త్. 1841లో ఆయన 55 డిగ్రీల కోణముగల మరను ప్రతిపాదించి, ప్రతి వ్యాసమునకు అంగుళమునకు ఇన్ని చుట్లు అని నిర్ణయించెను. ఆ పట్టిక ముఖ్యముగా పావు అంగుళము మొదలు పైకొలతలకు ఉద్దేశించినది. తంతి వ్యవస్థ వ్యాపించి చిన్న పరికరములు వేలకొలది తయారగుచుండగా, పావు అంగుళమునకు దిగువన మరల అరాచకమే మిగిలెను. దానికొక కొలత నిర్ణయించుటకు బ్రిటిష్ అసోసియేషన్ నియమించిన ఉపసంఘములో విట్‌వర్త్ స్వయముగా సభ్యుడు. తంతి శాఖ ఇంజనీరు ప్రీస్ సభ్యుడు. పరికరములు చేయుటలో పేరుపొందిన స్ట్రో సభ్యుడు. ఇందరు ఆంగ్లేయులు కూర్చుండి చివరకు ఆమోదించినది ఆంగ్ల పద్ధతి కాదు, అంగుళముల పద్ధతి అసలే కాదు. జెనీవా నగరపు ఆచార్యుడు మార్క్ థ్యూరీ 1878లో గడియారపు మరలను గూర్చి ప్రకటించిన మిల్లీమీటర్ల పద్ధతిని వారు స్వల్పమైన మార్పులతో స్వీకరించిరి. స్వంత ఇంటి పెద్దను పక్కన కూర్చుండబెట్టుకొని పొరుగు దేశపు పద్ధతి మేలని ఒప్పుకొనుట సామాన్యమైన నిజాయితీ కాదు.

థ్యూరీ చేసిన పని విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. ఆయన తన బుద్ధికి తోచిన కొలతలు వ్రాసి ఇతరులమీద రుద్దలేదు. పనివాండ్రు అనుభవముతో చేసిన మంచి మరమేకులను అనేకము కొలిచి, వ్యాసమునకును పిచ్‌నకును, అనగా ఒక చుట్టునుండి మరుచుట్టునకు గల దూరమునకును, ఉన్న సంబంధమును వెదకెను. దొరికిన సూత్రము ఇది: పిచ్‌ను మిల్లీమీటర్లలో తీసుకొని, 6/5వ ఘాతమునకు హెచ్చించి, 6 చేత గుణించినచో వ్యాసము వచ్చును. పిచ్‌లు కూడ ఇష్టము వచ్చినట్లు ఉండవు. 0 సంఖ్యగల మరమేకునకు పిచ్ సరిగా 1 మి.మీ. ఆపైన ఒక్కొక్క సంఖ్యకు పిచ్ ముందరిదానిలో పదింట తొమ్మిది వంతులు. ఇది విద్యార్థులు తరగతిలో చదివిన గుణశ్రేఢియే.

లాగరిథమ్ పట్టిక చేతనున్న విద్యార్థి 6 బి.ఏ. మరమేకును కాగితము మీదనే నిర్మింపవచ్చును. 0.9ని ఆరుమార్లు గుణించినచో పిచ్ 0.531. దానిని 6/5వ ఘాతమునకు హెచ్చించి 6 చేత గుణించినచో వ్యాసము 2.81 మి.మీ. పట్టికలో అచ్చయిన అంకెలు 0.53, 2.8. ఇదే విధముగా 2 బి.ఏ. మరకు పిచ్ 0.81, వ్యాసము 4.7, 4 బి.ఏ. మరకు 0.66, 3.6, 10 బి.ఏ. మరకు 0.35, 1.7 వచ్చును. మర లోతు ఎల్లప్పుడును పిచ్‌లో పదింట ఆరు వంతులు. షట్కోణపు తల, నట్టుల వెడల్పు కూడ వ్యాసమునకు ఒకటిముప్పావు రెట్లు. 6 బి.ఏ.కు 4.9 మి.మీ., 4 బి.ఏ.కు 6.3 మి.మీ. ఒక్క అంకె తెలిసినచో మిగిలిన మరమేకు అంతయు లెక్కతో పుట్టుచున్నది. ఈ పట్టిక మొదటి సుగుణమును ముఖ్య సుగుణమును ఇదే. పట్టిక కాలిపోయినను, సూత్రము గుర్తున్నవాడు దానిని మరల వ్రాయగలడు. మెట్రిక్ పట్టికను ఇట్లు వ్రాయుట సాధ్యము కాదు. దానిలోని అంకెలు వాడుకకు అనువుగా ఏరినవే గాని ఒక సూత్రమునుండి జారినవి కావు.

ఆ 6/5 ఘాతములో ఒక వివేకము దాగి ఉన్నది. వ్యాసమును పిచ్‌తో భాగించినచో 0 బి.ఏ.కు 6 వచ్చును, 10 బి.ఏ.కు 5కు లోపు, 25 బి.ఏ.కు సుమారు మూడున్నర. అనగా మరమేకు చిన్నదగుకొలది, తన శరీరముతో పోల్చినచో మర ముతకదగుచున్నది. పెద్ద మరమేకు నిష్పత్తినే చిన్నదానికి పెట్టినచో దాని మర లోతు వెంట్రుకంతయై, రెండు బిగింపులకే తెగిపోవును. పనివాండ్రు లెక్క తెలియకనే దీనిని పాటించుచు వచ్చిరి. థ్యూరీ ఆ పాటింపును లెక్కగా మార్చెను.

ఇక దోషములు. వీటిలో మొదటిది పట్టిక నిడివి. 0 మొదలు 25 వరకు 26 పరిమాణములు! చివరి 25 బి.ఏ. వ్యాసము పావు మిల్లీమీటరు. గడియారము చేయువానికి తప్ప దానితో ఎవరికి పని? పై సంఖ్యలలోను మెట్టు మెట్టునకు తేడా మరీ స్వల్పము. 5 బి.ఏ. 3.2 మి.మీ., 6 బి.ఏ. 2.8 మి.మీ., 7 బి.ఏ. 2.5 మి.మీ. డబ్బాలో కలిసిపోయినచో కంటితో వేరుచేయుట కష్టము. వర్తకులు ఈ విషయములో ఉపసంఘముకంటె తెలివిగా ప్రవర్తించిరి. వారు 0, 2, 4, 6, 8, 10 అను సరిసంఖ్యలనే ఎక్కువగా నిలువచేసిరి. బేసిసంఖ్యలు క్రమముగా అరుదైనవి. సగము పట్టికను బజారు కొట్టివేసినదనుటకంటె ఘాటైన విమర్శ ఏమి కావలెను? నేడు 5 బి.ఏ. మరమేకు పోగొట్టుకొన్నవాడు ఆ నిడివికి మూల్యము చెల్లించుచున్నాడు.

రెండవ దోషము మరింత లోతైనది. బి.ఏ. మర కోణము 47½ డిగ్రీలు. అది ఎవరో కోరి ఎంచిన కోణము కాదు. మర లోతు పిచ్‌లో పదింట ఆరు వంతులు ఉండవలెనని, మర శిఖరమును లోయను రెండును గుండ్రముగా ఉండవలెనని పెట్టిన షరతులనుండి ఊడిపడిన కోణము. థ్యూరీ శిఖరమునకు ఒక వంపు, లోయకు మరొక వంపు చెప్పగా, ఉపసంఘము రెండింటికిని పిచ్‌లో పదకొండింట రెండు వంతుల వ్యాసార్థము నిర్ణయించెను. 6 బి.ఏ.లో అది మిల్లీమీటరులో పదియవ వంతునకు కూడ చాలదు. అంతటి వంపును ఇంటిలో ఎవరు కోయగలరు, కోసినను ఎవరు కొలువగలరు?

ఈ ప్రశ్న 1884 నాటికి కొత్తది కాదు. ఇరువది సంవత్సరముల క్రిందట, 1864లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో విలియమ్ సెల్లర్స్ విట్‌వర్త్ మరమీద ఇదే ఆక్షేపణ తెచ్చెను. గుండ్రని శిఖరములుగల మరను సరిగా కోయుటకు ప్రత్యేకమైన పనిముట్లు పెక్కు కావలెననియు, 60 డిగ్రీల కోణము పెట్టి శిఖరమును చదునుగా వదలినచో సాధారణపు పనివాడు ఒక్క ఉలితో కోయగలడనియు ఆయన వాదము. 60 డిగ్రీల కోణమును ఎవరైనను సమబాహు త్రిభుజముతో సరిచూడగలరు. నేటి మెట్రిక్ మర ఆ వాదము సంతతియే. బ్రిటిష్ అసోసియేషన్ ఆ వాదమును పెడచెవిని పెట్టినదని చెప్పవలెను.

అయితే ఉపసంఘము పక్షమున ఒక మాట ఉన్నది. దానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. సెల్లర్స్ దృష్టిలో ఉన్నవి లేతుమీద కోయు పెద్ద బోల్టులు. మూడు మిల్లీమీటర్ల మరమేకును ఎవరును లేతు ఉలితో ఒక్కొక్క చుట్టుగా కోయరు. డై అను ఉక్కు బిళ్లలో తిప్పి కోయుదురు. కోణమును వంపును ఆ డైలోనే ఇమిడి ఉండును. పనివాని చేతికి 47½ అయినను 60 అయినను ఒకటే. కార్ఖానాలు డైలు చేయుచున్నంతకాలము ఈ దోషము కనబడలేదు. డైలు దుకాణములనుండి మాయమైన నాడు, మరను స్వయముగా కోసుకొనవలసి వచ్చిన నాడు, అది ఒక్కసారిగా బయటపడినది. ప్రమాణము వ్రాయువారు సరకు పుష్కలముగా దొరకు రోజులను మాత్రమే తలచి వ్రాసినచో కలుగు ఫలితమిది.

మూడవది చిన్నదే గాని చిరాకు పుట్టించునది. మిల్లీమీటర్లలో పుట్టిన ఈ మరలను ఆంగ్ల పట్టికలు అంగుళపు దశాంశములలో అచ్చువేసినవి: 0 బి.ఏ. 0.236, 4 బి.ఏ. 0.142, 6 బి.ఏ. 0.110 అంగుళము. చూచినవానికి ఇది ఏదో వింతైన అంగుళపు మర అనిపించును. అంగుళపు కొలతల వరుసలో వెదకి వెదకి విసిగినవారెందరో! పైగా మరమేకు తలమీద సంఖ్య చెక్కి ఉండదు.

బ్రిటిష్ ప్రమాణముల సంస్థ 1965లో బి.ఏ. మరలను, విట్‌వర్త్ మరలతో పాటు, కొత్త నిర్మాణములలో వాడవలదని, అంతర్జాతీయ మెట్రిక్ మరలకు మారవలెనని సూచించెను. భారతదేశము అప్పటికే 1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలను చేపట్టి యున్నది. కనుక నేడు ఏ పట్టణపు హార్డ్‌వేరు దుకాణమున అడిగినను దొరకునవి ఎం-3, ఎం-4, ఎం-5 మరమేకులు. అనగా 3, 4, 5 మిల్లీమీటర్లవి. అసలు ప్రమాదము ఇక్కడనే ఉన్నది. బి.ఏ. మరలు వీటికి దూరముగా ఉన్నచో ఎవరును పొరబడరు. చాల దగ్గరగా ఉండుటవలననే పరికరములు పాడగుచున్నవి.

6 బి.ఏ. మరమేకు పోయినదనుకొందము. వ్యాసము 2.8, పిచ్ 0.53. దుకాణములో దొరకు ఎం-3 వ్యాసము 3.0, పిచ్ 0.50. చూపునకు కవలలు. ఎం-3ను 6 బి.ఏ. రంధ్రములో పెట్టి తిప్పినచో మొదటి చుట్టు కొంత పట్టును. ఉక్కు మరమేకు ఇత్తడి రంధ్రములో పోవుచున్నది గనుక, బలము చేసినచో దారి చేసుకొని లోపలికి పోవును గూడ. తిప్పినవాడు పని అయినదని సంతోషించును. జరిగినదేమనగా, 0.53 అంతరములో ఉన్న ఇత్తడి చుట్లను 0.50 అంతరపు ఉక్కు చుట్లు అడ్డముగా కోసివేసినవి. ఇక ఆ రంధ్రమున అసలు మరమేకు నిలువదు, ఎం-3యును నిలువదు. తలక్రిందులుగా, 6 బి.ఏ. మరమేకును ఎం-3 నట్టులో పెట్టినచో అది వదులుగా తిరిగి, ఒకటి రెండు చుట్లమీదనే బరువు మోపి, బిగించునప్పుడు జారును. 2 బి.ఏ.కును ఎం-5కును ఇదే కథ, పిచ్‌లు 0.81, 0.80, వ్యాసములు మాత్రము 4.7, 5.0. ఒక్క 0 బి.ఏ. విషయములోనే అదృష్టము కలిసివచ్చినది. వ్యాసము 6, పిచ్ 1. ఎం-6 కొలతలును సరిగా అవే. కోణము వేరగుటచే చుట్లు పూర్తిగా ఆనవు గాని, తేలిక పనికి తరచుగా ఒకదానికొకటి ఎక్కును.

కావున ముందు గుర్తింపు, తరువాత వెదకుట. గుర్తించుటకు కావలసిన సాధనములు ప్రతి ఉన్నత పాఠశాలలోను ఉన్నవి. అదే పరికరములో మిగిలియున్న సాటి మరమేకు నొకదానిని విప్పి, స్క్రూగేజితో వ్యాసము కొలువవలెను. కొద్దిగా తక్కువగా వచ్చినను వింత లేదు. మరమేకును ఎప్పుడును నామకపు వ్యాసమునకు కొంచెము లోపుగనే చేయుదురు. తరువాత భూతద్దము సాయముతో, వెర్నియర్ కాలిపర్స్ మొనలతో పది చుట్ల దూరము కొలువవలెను. 5.3 మి.మీ. వచ్చినచో 6 బి.ఏ., 5.0 వచ్చినచో ఎం-3. పది చుట్లు లేని పొట్టి మరమేకు అయినచో ఐదు చుట్లు కొలిచి రెట్టింపవచ్చును, నమ్మకము కొంత తగ్గును. స్క్రూగేజి పిచ్‌ను గూర్చి పాఠము చెప్పి, స్క్రూగేజితో గోలీని కొలిపించుటకంటె, పేరు తెలియని మరమేకునకు పేరు పెట్టుమని విద్యార్థికి ఇచ్చుట మంచి ప్రయోగము.

వెదకుటకు మంచి చోటు దుకాణము కాదు, చచ్చిన పరికరము. పాత బ్రిటిషు వోల్టుమీటర్లు, రేడియోలు, స్విచ్చి పెట్టెలు పాత ఇనుప సామాను కొట్లలో తూకమునకు పోవుచుండును. వాటినుండి విప్పిన మరమేకులను సంఖ్యలవారీగా చిన్న సీసాలలో పోసి ఉంచుకొన్నచో ఒక పాఠశాలకు ఏండ్లతరబడి సరిపోవును. బ్రిటనులో ఇంటి కార్ఖానాలలో నమూనా యంత్రములు చేయు ఔత్సాహికులకై బి.ఏ. మరమేకులు, టాపులు, డైలు అమ్మువారు నేటికిని ఉన్నారు. 1898లో పెర్సివల్ మార్షల్ స్థాపించిన 'మోడల్ ఇంజనీర్' పత్రిక చుట్టును పెరిగిన ఆ ఔత్సాహికులే, పరిశ్రమ విడిచిపెట్టిన ఈ మరను బ్రతికించుచున్నవారు. ఒక్క మరమేకు కొరకు డై తెప్పించుట దండుగ. పది పరికరములున్న ప్రయోగశాలకు 4 బి.ఏ., 6 బి.ఏ. టాపు డైలు రెండు జతలు తెప్పించుట దండుగ కాదు.

డై చేతికి వచ్చినచో మరమేకు చేయుట కష్టము కాదు. 6 బి.ఏ.కు 3 మి.మీ. ఇత్తడి కడ్డీని తీసుకొని 2.75 మి.మీ.కు తగ్గింపవలెను. లేతు లేనివారు చేతి డ్రిల్లును వైసులో అడ్డముగా బిగించి, దాని చక్కులో కడ్డీని పట్టించి, ఒకరు తిప్పుచుండగా మరొకరు సన్నని ఆకురాయి ఆనించినచో చాలును. మధ్య మధ్య స్క్రూగేజితో చూచుకొనవలెను. కడ్డీ 2.8కి లోపుండుట ఎందుకనగా, డై కోయుచున్నప్పుడు మెత్తని ఇత్తడి కొంత శిఖరమువైపునకు ఉబుకును. నిండు కొలత కడ్డీ అయినచో డైలో ఇరుక్కొని తెగును. కడ్డీ కొనను కొద్దిగా కూచిగా అరగదీసి, డైని నిటారుగా పెట్టి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు తిప్పుచు పోవలెను. వెనుకకు తిప్పుట పొట్టు తెగుటకు. ఇత్తడికి నూనె అక్కరలేదు, ఉక్కునకు తప్పనిసరి.

తల చేయుటలో చాలమంది విసుగుచెందుదురు. లావు కడ్డీని తగ్గించి తలను వదలుట లేతు ఉన్నవారి పద్ధతి. లేనివారు ఇత్తడి రేకునుండి చిన్న బిళ్ల కోసి, 2.3 మి.మీ. బెజ్జము వేసి, 6 బి.ఏ. టాపుతో మర తీసి, మరకోసిన కడ్డీ కొనకు ఎక్కించి సోల్డరు పెట్టవలెను. తరువాత కంసాలి వాడు సన్నని రంపముతో తలమీద గాడి తీయవలెను. హాక్సా రంపము గాడి వెడల్పై చిన్న తలను రెండుగా చీల్చినట్లు చేయును. మరమేకును వైసులో పట్టించునప్పుడు మర నలగకుండుటకు ఒక పాత నట్టును ఒకవైపు రంపముతో చీల్చి, దానిలో మరమేకును ఎక్కించి, నట్టును బిగింపవలెను.

ఇత్తడి అనుటలో అలంకారము లేదు. టాంజెంటు గాల్వనామీటరులో సూచిని నడపునది తీగచుట్ట అయస్కాంత క్షేత్రము, భూమి క్షేత్రము మాత్రమే కావలెను. చట్రములో ఒక ఉక్కు మరమేకు చేరినచో మూడవ క్షేత్రమొకటి దొంగతనముగా చేరును. లెక్కలన్నియు సరిగా వేసిన విద్యార్థికి సమాధానము తప్పు వచ్చును; తప్పు తనదేయని అతడు నమ్మును. బజారులో ఇత్తడి రంగు పూతవేసిన ఉక్కు మరమేకులు కూడ ఉన్నవి గనుక, బిగించుటకు ముందు ప్రతి మరమేకును దిక్సూచి దగ్గరకు తెచ్చి చూడవలెను.

రంధ్రమే పాడైనప్పుడు 'కొంచెము పెద్ద టాపు వేయుము' అని సలహా ఇచ్చువారు కలరు. ఈ సలహా సగము నిజము. 6 బి.ఏ. రంధ్రమునకు ఎం-3 టాపు వేయుట ఎక్కువగా జరుగుచున్నది. లెక్క వేసిన ఎవరును ఆ పని చేయరు. ఎం-3కు వేయవలసిన బెజ్జము 2.5 మి.మీ. పాత 6 బి.ఏ. గాళ్లు 2.8 వరకు లోతుగా ఉన్నవి. ఎం-3 మర ఉండవలసిన చోటు సుమారు 2.5 నుండి 3.0 వరకు. అనగా కొత్త మరకు కావలసిన లోహములో చాలభాగము పాత గాళ్లు ముందే తినివేసినవి. మిగిలిన తునకలమీద మరమేకు ఎన్నాళ్లు నిలుచును? ఎం-3.5కు పోయినచో 2.9 మి.మీ. బెజ్జము పాత గాళ్లను పూర్తిగా తుడిచివేయును. మర తాజా లోహములో పడును. అట్లే 4 బి.ఏ.కు ఎం-4 చాలదు, ఎం-5 కావలెను, 2 బి.ఏ.కు ఎం-6. ఇంత పెద్దది చేయుటకు చుట్టును లోహము లేనప్పుడు, రంధ్రమును పెంచి, దానిలో మరకోసిన ఇత్తడి బిరడాను బిగించి సోల్డరు పెట్టి, పైభాగము చదును చేసి, మధ్యలో కొత్త బెజ్జము వేసి మర తీయుట మేలు. సోల్డరు వేడికి తాళలేని ఎబొనైటు పలకలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ రంధ్రమునకు వెనుకగా నట్టు పెట్టుటయే ఉపాయము.

లేతు ఉండి డై లేనివారికి పట్టికలోనే ఒక అనుకూలత దొరకుచున్నది. ఉపసంఘము దీనిని ఉద్దేశించి ఉండదు. అంగుళపు లేతుమీద మెట్రిక్ పిచ్‌లు కోయుటకు 127 పండ్ల చక్రము కావలెను. ఎందుకనగా అంగుళము 25.4 మి.మీ., దాని ఐదు రెట్లు 127. ఆ చక్రము లేనివాడు 2 బి.ఏ. కోయబోయినచో అంగుళమునకు 31.4 చుట్లు కావలెను. 32 పెట్టినచో పది చుట్లలో 0.16 మి.మీ. తేడా వచ్చి నట్టు బిగుసుకొనును. 4 బి.ఏ.కు 38.5, అదియు ఇబ్బందియే. కాని 6 బి.ఏ.కు 47.9. అంగుళమునకు 48 చుట్లు పెట్టినచో పిచ్ 0.529 వచ్చును, పది చుట్లకు తేడా మిల్లీమీటరులో నూరవ వంతు కూడ లేదు. 47½ డిగ్రీలకు సానపట్టిన ఉలితో, మర లోతు 0.32 మి.మీ. వద్ద ఆపి, శిఖరములను సన్నని ఆకురాయితో ఒక్కసారి తాకించినచో, 6 బి.ఏ. నట్టు దానిమీద వ్రేళ్లతోనే తిరుగును. 8 బి.ఏ.కు 59.1 చుట్లు కావలెను. అక్కడకు వచ్చుసరికి కడ్డీ 2.2 మి.మీ. మాత్రమే అగుటచే ఉలి తాకిడికి వంగిపోవును గనుక, డై తెప్పించుకొనుటయే దారి.